పొయ్యిలు లెక్కపెట్టిన రోజులు

"మీ ఇంట్లో పొయ్యిలెన్నమ్మా?"

కుటుంబ సర్వేలు కాగితం మీద సాగిన రోజుల్లో గడప దగ్గర మొదట వినిపించే ప్రశ్న ఇది. అరుగు మీద చాప పరిచేవారు. అట్టకు బిగించిన పొడుగాటి ఫారం ఒళ్ళోకి వచ్చేది, చెవి మీది పెన్సిలు చేతిలోకి దిగేది. "పొయ్యిలకు కూడా పన్నేస్తారా ఏంటి?" అని లోపలి నుంచి ఎవరో ఒకరు అనేవారు. ఆ భయం తీర్చాకే పని మొదలు. పెన్ను వాడేవాళ్ళు తక్కువ. ఒక ఇంటి గురించి మొదట్లో చెప్పిన మాటా, మజ్జిగ తాగి లేచేటప్పుడు చెప్పిన మాటా ఒకటి కావడం అరుదు. రబ్బరు అరిగిపోయేది.

పొయ్యినే ఎందుకు పట్టుకున్నారంటే, మన జనగణన కుటుంబాన్ని వంటతో కొలుస్తుంది. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో వండింది తినేవాళ్ళంతా ఒక లెక్క. పని మీద వెళ్ళి ఏదో పూట బయట తిన్నా ఆ లెక్క మారదు. రక్తసంబంధం ఉండాలన్న షరతు కూడా లేదు. గోడలకు వేరే లెక్క ఉంది: వీధిలోకో, ఉమ్మడి వాకిట్లోకో, మెట్ల మీదికో విడిగా పెద్ద గుమ్మం ఉండి, విడి భాగంగా వాడుకుంటుంటే అది ఒక 'జనగణన ఇల్లు'. ఆ ఒక్క ఇంట్లో రెండు వంటలు జరుగుతుంటే రెండు కుటుంబాలు. ఈ రెండు లెక్కల్నీ కలిపేసుకున్నవాళ్ళ పట్టికలు చివర్లో కూడిక దగ్గర కుదిరేవి కావు.

చిక్కల్లా 'కుటుంబం' అన్న మాటతో వచ్చేది. ఫారంలో దాని అర్థం ఒక వంట తినేవాళ్ళు. జనం నోట్లో దాని అర్థం అంతకంటే చాలా పెద్దది. "మా కుటుంబంలో ముప్ఫై మంది" అన్నాయన ఇంట్లో ఐదుగురే కనిపించేవారు. ఆయన అబద్ధం చెప్పలేదు. తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు, మస్కట్‌లో ఉన్న కొడుకు, అత్తారింట్లో ఉన్న కూతుళ్ళు అందరూ ఆయన కుటుంబమే. ఫారానికి కావలసినదాన్ని తెలుగులో ఎప్పటి నుంచో వేరే మాటతో చెబుతున్నారు: కాపురం. కాపురం పెట్టారు, కాపురానికి పంపారు, వేరు కాపురం. కుటుంబం రక్తానికీ పెళ్ళికీ ఆస్తికీ సంబంధించింది, కాపురం ఉప్పూ పప్పూ పడకకు సంబంధించింది. పాఠ్యపుస్తకాల్లో వ్యష్టి కుటుంబం, సమష్టి కుటుంబం అని రెండు గళ్ళు గీసి వదిలేశారు గానీ, 'మీ కాపురంలో ఎంతమంది?' అని అడిగి ఉంటే సగం తప్పులు జరిగేవి కావని ఇప్పటికీ అనిపిస్తుంది.

పొయ్యి కూడా నమ్మకమైన సాక్షేమీ కాదు. పెరట్లో నీళ్ళు కాగే పొయ్యి ఒకటి, ఎడ్లకు ఉలవలు ఉడికే పొయ్యి ఒకటి, వానాకాలానికి వసారాలో ఒకటి, ఎండాకాలానికి చెట్టుకింద ఇంకోటి. నాలుగు పొయ్యిలున్నా కాపురం ఒకటే కావచ్చు. తిరగేస్తే, ఒకే పొయ్యి మీద అత్త పొద్దున్నే వండుకుని దించాక, కోడలు తన గిన్నె విడిగా ఎక్కించే ఇళ్ళూ ఉండేవి. పొయ్యి ఒకటే, కాపురాలు రెండు. అందుకని అనుభవం ఉన్నవాళ్ళు పొయ్యి దగ్గర ఆగకుండా గాదె దాకా వెళ్ళేవారు. "వడ్లు ఒకే చోట పోస్తారా? ఉప్పు, నూనె ఎవరి డబ్బుతో వస్తాయి? కూర అయిపోతే అడిగి తెచ్చుకుంటారా, అడగకుండానే వడ్డించుకుంటారా?" ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే గట్టిది. అడిగి తెచ్చుకుంటే అది పక్కిల్లు. అడగకుండా వడ్డించుకుంటే ఒకే ఇల్లు.

ఇక 'వేరు పడ్డాం' అన్న మాట. దీన్ని విన్నవెంటనే రెండో ఫారం తీయకూడదని కొత్తవాళ్ళకు పదేపదే చెప్పేవారు. వేరు పడటం ఒక్క రోజులో జరిగే పని కాదు. సాధారణంగా ముందు చేతి డబ్బు వేరవుతుంది: చిన్న కొడుకు జీతమో కూలీ డబ్బో తండ్రి చేతిలో పెట్టడం ఆగిపోతుంది. తర్వాత పొయ్యి. తర్వాత గింజలు. ఆపైన వాకిట్లో ఒక గోడ లేస్తుంది, లేదా తడిక కడతారు. పొలం పంపకం కొన్నేళ్ళ తర్వాత, పెద్దమనుషుల ముందు. కాగితం, అంటే భాగ పరిష్కార పత్రం రిజిస్టరు కావడం, ఇంకా తర్వాత. చాలా ఇళ్ళలో ఎప్పటికీ కాదు. బావి, కళ్ళం, పశువుల కొట్టం, ఇలవేల్పు పూజ చిట్టచివరి దాకా ఉమ్మడిగానే మిగులుతాయి. అప్పు ఎప్పుడు పంచుకుంటారన్నదాన్ని బట్టి మనసులు ఎంత విరిగాయో తెలిసేది. కొన్ని ఇళ్ళలో ఈ వరుస తారుమారవుతుంది కూడా. పొలం ముందే పంచేసుకుని, పండగా పబ్బం పూట మాత్రమే కాకుండా రోజూ కలిసి తినే అన్నదమ్ములు ఉండేవారు.

కాబట్టి ఏది వేరైందో విడివిడిగా రాయాలి: డబ్బు, పొయ్యి, గింజలు, పొలం, కాగితం. ఐదు చిన్న గళ్ళు. ఒక్కోదాని పక్కన ఏ ఏడు వేరైందో. సంవత్సరాలు గుర్తుండవు, కానీ సంఘటనలు గుర్తుంటాయి. పెద్దలనైతే పోలీసు చర్య ముందా తర్వాతా అని, కృష్ణా డెల్టాలో దివిసీమ ఉప్పెనకు ముందా అని, ఇంకోచోట ఇందిరాగాంధీ పోయిన ఏడా అని అడిగితే 1948, 1977, 1984 చుట్టూ ఒక గీత పడేది. ఊరికి చేరిన మొదటి రోజే ఇలాంటి సంఘటనల పట్టీ ఒకటి తయారు చేసుకునేవారు: కరెంటు ఎప్పుడొచ్చింది, బస్సు ఎప్పుడొచ్చింది, చెరువు ఎప్పుడు తెగింది. ఆ పట్టీ లేకుండా వయసులు రాస్తే అన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగుస్తాయి. ఊళ్ళో నలభై ఏళ్ళవాళ్ళు గుంపుగా, నలభై ఒకటివాళ్ళు ఒక్కరూ లేకుండా తేలతారు.

రేషన్ కార్డు వచ్చాక ఇంకో తికమక మొదలైంది. కార్డు వేరుగా కావాలంటే కాపురం వేరుగా కనబడాలి. అందువల్ల పరాయి మనిషి అట్ట పట్టుకుని వస్తే చాలు, కలిసి తినే ఇల్లు కూడా "వేరే ఉంటున్నామండీ" అనేది. దానికి ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. కార్డు చూపించమని అడిగి అందులోని పేర్లు ఎక్కించుకోవడమే చేయకూడని పని. కార్డులో ఉన్నది దఖలు చేసిన కుటుంబం, కంచాల దగ్గర కూర్చున్నది అసలు కాపురం. రెంటినీ రెండు చోట్ల రాసుకుంటే, ఆ తేడాయే ఒక సమాచారం.

ఫారంలో రెండో నిలువు గడి 'యజమానితో సంబంధం'. తెలుగు ఇంటి బంధుత్వాల అందమంతా, అయోమయమంతా ఆ సన్నటి గడిలోనే ఇరుక్కునేది. మగవాడికి అన్న కొడుకూ కొడుకే, ఆడమనిషికి చెల్లెలి కొడుకూ కొడుకే. అల్లుడంటే కూతురి మొగుడు కావచ్చు, అక్క కొడుకు కావచ్చు. మేనరికమైతే ఒక్కడే రెండూ కావచ్చు. కోడలూ అంతే. అత్త అంటే మేనత్తా, మేనమామ భార్యా, భర్తను కన్నావిడా? "కొడుకు" అని చెప్పగానే కొడుకని రాసేస్తే ఏమవుతుంది? పోయిన అన్న పిల్లవాడిని పెంచుకుంటున్న ఇల్లు, మామూలు భార్యాభర్తలూ బిడ్డల ఇల్లుగా పట్టికకెక్కుతుంది. అనాథను చేరదీసిన సంగతి, బంధుత్వం చేసిన అంత పెద్ద పని, లెక్కలోంచి జారిపోతుంది.

దీనికి మంచి విరుగుడు ఉండేది. ప్రతి మనిషికీ వరుస నంబరు ఇచ్చి, పక్కన మూడు గళ్ళు: తండ్రి నంబరు, తల్లి నంబరు, భార్య లేదా భర్త నంబరు. ఆ మనిషి ఈ కాపురంలో లేకపోతే సున్నా. బతికి లేకపోతే సున్నా చుట్టూ ఒక చుక్కల గీత. సంబంధం గడిలో ఎన్ని తప్పులు దొర్లినా, ఈ మూడు నంబర్లు సరిగ్గా ఉంటే ఆ ఇంటి ఆకారాన్ని ఎప్పుడైనా తిరిగి గీయవచ్చు. ఇంకో చిన్న పరీక్ష: తల్లి వయసులోంచి బిడ్డ వయసు తీసేస్తే పదిహేను కంటే తక్కువ వచ్చిందా, మళ్ళీ అడగాలి. అయితే వయసు తప్పు, లేకపోతే రెండో భార్య, లేకపోతే పెంపుడు బిడ్డ. మూడోది అయితే ఆ ప్రశ్న పిల్లవాడి ఎదుట అడగకూడదు. తనను కన్నవాళ్ళెవరో తెలియని పిల్లలు చాలామంది ఉండేవారు.

ఆ తర్వాత చార్టు. ఇంగ్లండుకు చెందిన మానవశాస్త్రవేత్త రివర్స్ 1898లో టోరెస్ జలసంధి యాత్రలో మొదలుపెట్టి, 1910లో వివరంగా రాసిన వంశావళి పద్ధతిలోంచి వచ్చింది అది. త్రికోణం మగ, వృత్తం ఆడ, రెంటి మధ్య సమాన గుర్తు పెళ్ళి, కిందికి దిగే గీత సంతానం, అడ్డగీత తోబుట్టువులు. పెద్దవాళ్ళు ఎడమ వైపు. పోయినవాళ్ళ మీద ఏటవాలు గీత. ఇదంతా అయ్యాక, ఒకే వంట తినేవాళ్ళ చుట్టూ చుక్కల గీత. కుటుంబం మొత్తం కాగితం నిండా ఉంటుంది, కాపురం ఆ చుక్కల లోపల ఉంటుంది. ఆ రెంటి తేడా చెప్పడానికి దాన్ని మించిన బొమ్మ ఇప్పటి దాకా ఎక్కడా కనిపించలేదు.

మన ఊళ్ళలో ఆ చార్టు నీటుగా వచ్చేది కాదు. మేనరికం చేసుకున్న జంటకు గీతలు వెనక్కి తిరిగి కలుస్తాయి. అత్తగారు పైన మేనత్తగా ఒకసారి, మొగుడి తల్లిగా ఇంకోసారి వస్తుంది. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో అయితే తరాల మెట్లే కలిసిపోతాయి. అనుభవం లేనివాళ్ళు ఇలా రెండు వరుసల్లో వచ్చే మనిషిని రెండుసార్లు గీసి ఇద్దరిగా లెక్కపెట్టేవారు. ఒకే నంబరుతో రెండు చోట్ల గీసి, మధ్య వంపుగీత కలపాలి. గీసే కాగితాన్ని అడ్డంగా పెట్టుకోవాలి, మొదటి పేరును మధ్యలో పెట్టాలి, అంచున పెడితే మేనమామ వైపు చోటు చాలదు. ఇంకో సంగతి, మగవాళ్ళను అడిగితే ఆడపడుచుల పేర్లు సగం రాలిపోతాయి. "ఇంకెవరూ లేరు" అన్నాక ఇంటి పెద్దావిడను మళ్ళీ అడగాలి. పురిట్లో పోయినవాళ్ళు, చిన్నప్పుడే పోయినవాళ్ళు, దూరం ఇచ్చినవాళ్ళు అందరూ ఆవిడ వేళ్ళ మీదే ఉంటారు.

కాగితాలు చేరాక రకాలు కట్టే పని. వ్యష్టి, సమష్టి అన్న రెండే గళ్ళతో ఇది అయ్యేది కాదు. 1968లో అమెరికా మానవశాస్త్రవేత్త పాలిన్ కొలెండా చేసిన పన్నెండు రకాల విభజన మన పనికి బాగా సరిపోయేది. దాని కిటుకు తేలిక: ముందు జంటల్ని లెక్కపెట్టాలి. ఒక్క జంట, పెళ్ళికాని పిల్లలు ఉంటే కేంద్రక కుటుంబం. దానికి తోడు వితంతువైన తల్లో, పెళ్ళికాని తమ్ముడో ఉంటే చేర్పు ఉన్న కేంద్రక కుటుంబం. జంట చెదిరి తల్లీ పిల్లలో, తండ్రీ పిల్లలో మిగిలితే ఉపకేంద్రకం. రెండో జంట కనబడితేనే అది ఉమ్మడి. ఆ జంటల్ని కలిపేది తల్లిదండ్రులూ బిడ్డల బంధమైతే నిలువు ఉమ్మడి, అన్నదమ్ముల బంధమైతే అడ్డ ఉమ్మడి, రెండూ ఉంటే నిలువు–అడ్డ ఉమ్మడి. ఉదాహరణకు వితంతువైన తల్లి, పెళ్ళైన ఇద్దరు కొడుకులు, పెళ్ళికాని కూతురు ఒకే వంట తింటున్నారనుకుందాం. జంటలు రెండు, అన్నదమ్ముల బంధం, పైన ఇద్దరు చేర్పులు. అడ్డ ఉమ్మడి, చేర్పుతో. పెద్దవాడు వేరు పొయ్యి పెట్టగానే అదే ఇంటి నుంచి ఒక కేంద్రకం, ఒక చేర్పు ఉన్న కేంద్రకం పుడతాయి. ఒక్క మనిషి చనిపోలేదు, ఎవరూ ఊరు దాటలేదు, పట్టికలో మాత్రం ఒక ఉమ్మడి కుటుంబం మాయమై రెండు చిన్నవి వచ్చాయి.

మరి తల్లి ఎక్కడ? చాలా ఊళ్ళలో జవాబు: వంతు. ఈ నెల పెద్దవాడి దగ్గర, వచ్చే నెల చిన్నవాడి దగ్గర. కొన్నిచోట్ల తల్లి ఒకరి దగ్గర, తండ్రి ఒకరి దగ్గర. సర్వే కాగితాల మీద అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఈ వంతుల తల్లుల విషయంలోనే జరిగాయి. ఇద్దరు కొడుకులూ మా దగ్గరే అంటే ఆవిడ రెండుసార్లు లెక్కకెక్కుతుంది. ఇద్దరూ తమ్ముడి దగ్గర, అన్న దగ్గర అంటే ఒక్కసారి కూడా ఎక్కదు. నియమం ఏదైనా సరే, ముందే ఒకటి పెట్టుకుని దానికే కట్టుబడాలి: సర్వేకు అనుకున్న తేదీ రాత్రి ఎక్కడ తిని పడుకుందో ఆ ఇంట్లో రాయాలి, రెండో ఇంటి ఫారం అంచున 'వంతు' అని రాసి మొదటి ఇంటి నంబరు వేయాలి. ఆ అంచున రాసిన మాట ఏ పట్టికలోకీ ఎక్కేది కాదు. కానీ ఆ ఊళ్ళో ముసలితనం ఎలా గడుస్తుందో తెలుసుకోవాలనుకున్నవాళ్ళు తర్వాత వెతికింది ఆ అంచుల్నే.

ఇల్లరికానికి ఏ ఫారంలోనూ విడి గడి ఉండేది కాదు. రాయలసీమలో ఇల్లటం అంటారు. కూతురూ అల్లుడూ ఇంట్లో ఉంటే అది నిలువు ఉమ్మడే, కొడుకూ కోడలూ ఉన్న ఇంటితో ఒకే గడిలో పడుతుంది. కానీ ఆ రెండు ఇళ్ళ లోపలి నడక ఒకటి కాదు. ఇల్లరికపుటింట్లో పుట్టింటి గడప దాటనిది ఆడపిల్ల, కొత్తగా వచ్చినవాడు మగవాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టులు కమ్మ, రెడ్డి కులాల్లో ఈ ఆచారాన్ని గుర్తించాయి: ఒప్పందం ప్రకారం వచ్చిన ఇల్లటపు అల్లుడికి మామ ఆస్తిలో కొడుకుతో పాటు భాగం. దత్తతకూ దీనికీ ఉన్న తేడా కూడా ముఖ్యం. దత్తుడికి కన్నవారింటితో ఆస్తి సంబంధం తెగిపోతుంది, ఇల్లటం వచ్చినవాడికి తెగదు. అందుకే "మీ ఇంటి పెద్ద ఎవరు?" అంటే ఇల్లరికపుటింట్లో జవాబు కొంచెం ఆలస్యంగా వచ్చేది.

పెద్ద ఎవరన్నది ఏ ఇంట్లోనైనా తేలిక ప్రశ్న కాదు. జనగణన నియమం ప్రకారం ఇంటివాళ్ళు ఎవర్ని పెద్దగా చెబితే వాళ్ళే పెద్ద. వాళ్ళు చెప్పేది చాలాసార్లు మంచం పట్టిన ముసలాయన పేరు, లేదా దుబాయ్‌లో ఉన్న భర్త పేరు. 2011 లెక్కల్లో దేశంలో సుమారు 11 శాతం కుటుంబాలకే ఆడవాళ్ళు పెద్దలుగా నమోదయ్యారు. నిజాయితీగా పనిచేసినవాళ్ళు పేరు రాసుకున్నాక ఇంకో రెండు ప్రశ్నలు వేసేవారు: విత్తనాలు కొనాలని ఎవరు తేలుస్తారు, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

వలస ఇళ్ళ దగ్గర ఆరు నెలల నియమం వచ్చేది. జాతీయ నమూనా సర్వేలో ఆరు నెలల లోపు బయట ఉండేవాడు ఇంట్లో లెక్క, అంతకు మించితే కాదు. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వెళ్ళి వానలకు తిరిగొచ్చే జంటలు ఈ గీత మీద అటూ ఇటూ ఊగేవారు. ఊళ్ళో అవ్వా మనవలూ మాత్రమే ఉన్న ఇల్లు ఏ రకం? కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల గల్ఫ్ ఇళ్ళు ఇంకో తరహా. భర్త మూడేళ్ళుగా అక్కడ, ఇక్కడ భార్యా పిల్లలూ. చార్టులో జంట చెక్కుచెదరలేదు, చుక్కల గీత లోపల మాత్రం ఉపకేంద్రకం. వితంతువు ఇల్లూ ఈ ఇల్లూ ఒకే కోడు కింద పడేవి. నెల నెలా డబ్బు వచ్చే ఇంటినీ, ఏ దిక్కూ లేని ఇంటినీ ఒకే గంపలో వేసి శాతాలు తీయడం చాలా అన్యాయం. 'భర్త బతికున్నాడు, బయట ఉన్నాడు' అన్న ఒక్క గడి కలిపితే పోయే తప్పు అది.

ఇప్పుడు అసలు సంగతికి. "మా రోజుల్లో అన్నీ ఉమ్మడి కుటుంబాలే" అన్న మాటకూ ఆ పాత పట్టికలకూ ఎప్పుడూ పొంతన కుదరలేదు. పట్టికల్లో ఉమ్మడి కాపురాలు అనుకున్నదానికంటే తక్కువగా తేలేవి. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది: చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ వంద ఊళ్ళ పాత జాబితాలు తిరగేస్తే, 1574 నుంచి 1821 దాకా సగటున ఇంటికి 4.75 మందే తేలారు. పూర్వం అందరూ గుంపులుగా బతికారన్న నమ్మకం అక్కడ బాగా దెబ్బతింది. మన దగ్గర కారణాలు వేరే. 1941–51 దశాబ్దానికి సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. పసిపిల్లల మరణాలు ఆ సగటును కిందికి లాగిన మాట నిజమే గానీ, పెద్దవాళ్ళూ ఎక్కువ కాలం ఉండేవారు కాదు. ముగ్గురు కొడుకుల పెళ్ళిళ్ళు చేసి, కోడళ్ళతో పదేళ్ళు గడిపేంత ఆయుష్షు ఎంతమంది తండ్రులకు దక్కింది?

పైగా ఏ ఇల్లూ ఒకే ఆకారంలో నిలిచి ఉండదు. మానవశాస్త్రవేత్త మేయర్ ఫోర్టెస్ 1958లో దీన్ని పెరగడం, విడిపోవడం, కొత్త తరం చోటు తీసుకోవడం అని మూడు దశలుగా చెప్పాడు. కోడలు వచ్చిన రోజు నిలువు ఉమ్మడి. రెండో కోడలితో నిలువు–అడ్డ ఉమ్మడి. తండ్రి పోతే అడ్డ ఉమ్మడి. ఐదారేళ్ళకు పొయ్యిలు వేరు. తమ పిల్లల పెళ్ళిళ్ళతో చక్రం మళ్ళీ మొదలు. సర్వే ఈ తిరుగుడును ఒకే ఒక్క రోజు ఫోటో తీస్తుంది. ఇవాళ చిన్నగా కనిపించిన ఇల్లు నిన్న పెద్దదే కావచ్చు, రేపు మళ్ళీ పెరగవచ్చు. పదేళ్ళ తర్వాత అదే ఊరికి మళ్ళీ వెళితే ఉమ్మడి కాపురాల శాతం అంతే ఉండి, ఇళ్ళు మాత్రం వేరే కావచ్చు.

అయితే జ్ఞాపకాలు అబద్ధమా? కానే కాదు. దీనికి ఒక చిన్న లెక్కుంది, చాలామంది దాని దాకా వెళ్ళరు. పది ఇళ్ళ వీధి అనుకోండి. ఎనిమిదిళ్ళలో నలుగురేసి, రెండిళ్ళలో పద్నాలుగు మందేసి. ఇళ్ళను లెక్కపెడితే పెద్దవి పదిలో రెండే, అంటే 20 శాతం. మనుషుల్ని లెక్కపెట్టండి: మొత్తం అరవై మంది, అందులో ఇరవై ఎనిమిది మంది ఆ రెండిళ్ళలోనే. దాదాపు 47 శాతం. వీధిలో సగటు ఇల్లు ఆరుగురిది. కానీ వీధిలో ఒక్కో మనిషినీ ఆపి "మీ ఇంట్లో ఎందరు?" అని అడిగి ఆ జవాబుల సగటు తీస్తే దాదాపు తొమ్మిది వస్తుంది. పిల్లలు ఎక్కువుండేది పెద్ద ఇళ్ళలోనే, ఆ పిల్లలే పెరిగి పెద్దయ్యి బాల్యం గురించి చెబుతారు. నలుగురి ఇంట్లో పెరిగినవాళ్ళు కూడా సెలవులకు వెళ్ళింది తాతగారి పెద్దింటికే. పట్టిక ఇళ్ళను లెక్కపెట్టింది, జ్ఞాపకం మనుషుల్ని లెక్కపెట్టింది. రెండూ నిజమే చెప్పాయి.

దేశం సగటుతో పోలిస్తే తెలుగు నేల మీద కాపురాలు చిన్నవేనని కూడా ఒప్పుకోవాలి. 2011లో దేశంలో సగటున కుటుంబానికి ఐదుగురికి కాస్త తక్కువ ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8.46 కోట్ల జనానికి సుమారు 2.1 కోట్ల కుటుంబాలు, అంటే నలుగురు. గంగా మైదానంలో ఉమ్మడి కాపురాలు ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ అని కొలెండా కూడా చెప్పింది. పుట్టింటి అండ గట్టిగా ఉన్నచోట భార్య మాటకు బలం ఉంటుందనీ, వేరు కాపురం తొందరగా వస్తుందనీ ఆమె వాదన. మేనరికాలతో పుట్టిల్లూ మెట్టినిల్లూ కలిసిపోయే మన పద్ధతిని చూసినవాళ్ళకు ఆ వాదనలో బలం కనిపిస్తుంది.

హిందూ చట్టం చెప్పే 'ఉమ్మడి' వేరు. ముగ్గురన్నదమ్ములు మూడు నగరాల్లో ఉన్నా పంపకం కాకపోతే చట్టం దృష్టిలో అది ఉమ్మడి కుటుంబమే. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకూ ఆ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది, అప్పటికే పెళ్ళైనవారిని మినహాయించి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా ఆ మినహాయింపు లేకుండా వచ్చింది. ఈ చట్టాల ప్రభావాన్ని కాపురాల పట్టికలో వెతికి లాభం లేదు, వెతకాల్సింది పంపకాల కాగితాల్లో.

ఇవాళ్టి ఇళ్ళకు పాత గళ్ళు చాలవు. పిల్లలు అమెరికాలో, భార్యాభర్తలిద్దరే ఇక్కడ. విడాకుల తర్వాత వారంలో సగం ఇక్కడా సగం అక్కడా ఉండే పిల్ల. పెళ్ళి చేసుకోకుండా కలిసి ఉండే జంట. ఒకే వంట పెట్టుకున్న ఆరుగురు బ్యాచిలర్లు. వీళ్ళది ఒకే కుటుంబమని జనగణన అంటుంది, హాస్టలైతే సంస్థాగత కుటుంబం అంటుంది. ఎదురెదురు ఫ్లాట్లలో అత్తా కోడళ్ళు, మధ్యలో తిరిగే క్యారియర్. గుమ్మాలు రెండు, కూర ఒకటే. వంతుల తల్లిని రాసినట్టే వీటినీ అంచున రాయాలి. 2027 జనగణనకు ఫోన్లో నింపే పద్ధతి ప్రకటించారు. కూడికల తప్పులు, రెండో కాగితం జారిపోయి పెద్ద ఇల్లు రెండుగా లెక్కపడటం లాంటివి దానితో తగ్గుతాయి, సంతోషమే. ఫోనుకు అంచు ఉండదు, అదొక్కటే బెంగ. "మామ తినడం ఇక్కడ, పడుకోవడం కొట్టంలో" అని వంకర అక్షరాలతో అడ్డంగా రాసిన మాటలు ఏ గడిలోకి వెళతాయి?

ఎవరింటి బొమ్మ వాళ్ళు గీసుకోవడానికి అనుమతులేమీ అక్కర్లేదు. ఒక ఏడు ఎంచుకోండి. పండగ రోజు వద్దు, ఆ రోజు ఇల్లు ఉన్నదానికంటే పెద్దగా ఉంటుంది; పెళ్ళిళ్ళ నెల కూడా వద్దు. మామూలు బుధవారం రాత్రి తీసుకోండి. తెల్లకాగితం అడ్డంగా పెట్టి, అమ్మమ్మనో నాయనమ్మనో మధ్యలో గీసి, ఆవిడ తోబుట్టువులతో మొదలుపెట్టండి. ఆడపడుచుల పేర్లు రెండోసారి అడగండి. ఆ రాత్రి ఆ ఇంటి అన్నం తిన్నవాళ్ళెవరో ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుని నంబర్లు వేయండి. పాలేరు, బడి కోసం వచ్చి ఉన్న మేనల్లుడు, వంతుకొచ్చిన అవ్వ, అందరినీ. చివరగా చుక్కల గీత. పెన్సిలుతోనే.